అమ్మమ్మ కనుబొమ్మలు

ఇలోయిలో అనే నగరానికి దగ్గర్లో ఒక పల్లె. సెఫా అవ్వ మంగళవారం పొద్దున పోయింది. ముందుగదిలో ఆమె శవపేటిక, చుట్టూ శవజాగారానికి వచ్చినవాళ్ల పేకాట, కాఫీలు. వెనక వంటింట్లో మనవరాలు నిడా, పిన్ని కోరింగ్. తెల్లారితే నగరంలో నిడాకు నర్సు పరీక్ష, రెండోసారి.

“వెళ్లనంటే వెళ్లను పిన్నీ. అమ్మమ్మ పెట్టెలో ఉంటే నేను పరీక్ష రాయడమేంటి?”

“మరి ఆ తెల్లబట్టలు ఎవరికి ఇస్త్రీ చేశావే? నాకా?”

“ఊరికే. చేతికేదో పని ఉండాలని. జరుగు, చేతులు కడుక్కుంటా.”

“ఆగాగు! ఇస్త్రీ చేసిన వేడి చేతుల మీద నీళ్లా? నరాలు పట్టేస్తాయి. రేపు పెన్సిలు పట్టుకుంటే చెయ్యి గజగజ వణుకుతుంది.”

“వెళ్లనంటున్నాగా. వణకనీ.”

“వెళ్తావు. ఇలా ఇవ్వు పుస్తకం, నేనడుగుతా. ‘రోగి గదిలోకి వెళ్లగానే నర్సు మొట్టమొదట ఏం చేయాలి?’”

“చేతులు కడుక్కోవాలి.”

“‘తిన్నారా అని అడగాలి’ అన్నది లేదే ఇందులో?”

“లేదు పిన్నీ.”

“ఎవడు రాశాడో, తల్లి పెంపకం లేనివాడు. సరే, అంతకుముందే ఇస్త్రీ చేసి ఉంటే?”

“అయినా కడుక్కోవాలి.”

“అదీ సంగతి. అందుకే సూది గుచ్చేటప్పుడు వీళ్లకి చేతులు వణుకుతాయి. తర్వాతది. పొరపాటున మందు ఎక్కువిచ్చేస్తే ముందు ఏం చేయాలి? ఒకటి, డాక్టరుకి చెప్పాలి. రెండు, రోగి ఎలా ఉన్నాడో చూడాలి.”

“ఒకటి... కాదు, రెండు... అబ్బ, నీ ముఖం చూస్తే ఏమీ తెలియట్లేదు పిన్నీ!”

“తెలియకూడదనే. మా అమ్మలా నేనూ కనుబొమ్మలు ఎగరేస్తాననుకున్నావా?”

“నీకు తెలుసా ఆ సంగతి?”

“వీధి వీధంతా తెలుసు. సరైన జవాబు దగ్గరికి రాగానే ఆవిడ కనుబొమ్మలు నెత్తికెక్కేవి. ఇంట్లో నూటికి నూరు మార్కులు! పరీక్షలో ఏమైంది మరి?”

“కాపలా ఉన్న మేడమ్ ముఖం చూశా. ఆవిడకి కనుబొమ్మలే లేవు. గీసుకుంది.”

“నవ్వించకే, ముందుగదిలో వినపడుతుంది. నువ్వు తప్పావని తెలిసిన రోజు, అమ్మ చర్చిలో పునీతుడి బొమ్మతో మాటలు మానేసింది, తెలుసా?”

“తెలుసు. అందుకే ఈసారి అమ్మమ్మకి వీపు తిప్పి కూర్చునేదాన్ని. తను అడిగేది, నేను గోడకి చెప్పేదాన్ని.”

“మంచి పని చేశావు.”

“ఏం మంచి? దగ్గడం మొదలుపెట్టింది.”

“దగ్గడమా?”

“సరైన జవాబు చదవగానే ఖళ్లుమని దగ్గు. ‘సైగలు చేయకు అమ్మమ్మా’ అని కసిరేదాన్ని. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేది పాపం. తర్వాత తర్వాత తప్పు జవాబులకీ దగ్గేది. నన్ను తికమక పెట్టడానికే అనుకున్నా.”

“నిడా...”

“అది నిజం దగ్గు పిన్నీ. నర్సునవుతానంటూ, వెనక్కి తిరిగి చూడలేదు నేను.”

“ఏడవకు. జబ్బని నాకు ముందే చెప్పింది. ‘నిడాకి చెప్పావంటే పరీక్ష మానేసి నాకు మందులు పోస్తూ కూర్చుంటుంది, నోరు మూసుకో’ అంది.”

“నువ్వు మూసుకున్నావా!”

“ఈ ఇంట్లో ఆవిడ మాట కాదన్నదెవరు? నాదీ తప్పే. ఇద్దరం కూర్చుని తీరిగ్గా ఏడుద్దాం, రేపటి తర్వాత. ఇప్పుడు లే. తెల్లవారుజామునే బండి వచ్చేస్తుంది.”

“...స్నానం?”

“పెట్టె కదిలేదాకా ఈ ఇంట్లో స్నానాల్లేవు. పక్కింటి లూర్దెస్ దగ్గర పోసుకో.”

“చేతులతో సహానా?”

“చేతులు పైకెత్తి పోసుకో! ఇంకొక మాట. చావింటి నుంచి నేరుగా పరీక్షకి పోకు. మధ్యలో ఏ రొట్టెల కొట్టు దగ్గరో దిగు, కాసేపు తిరుగు. దారి తప్పించకపోతే అమ్మ నీ వెనకాలే వచ్చేస్తుంది.”

“ఎక్కడా దిగను.”

“పిచ్చిదానా, వెంట వస్తుందే!”

“రానీ పిన్నీ. ఊపిరితిత్తుల పాఠం ఇంకా అడగలేదు నన్ను.”