రాజ్యం గాజు తొట్టి, నత్తల గొడవ

రాజ్యం అని, ఏలూరు పిల్ల. పెళ్ళికి ముందు తివాచీలు నేసేదంట. కొల్లేటి లంకలో భద్రాచలం గారింటికి కోడలై వచ్చింది. వచ్చేటప్పుడు ఏం తెచ్చుకుందయ్యా అంటే, ఒక గాజు తొట్టి తెచ్చుకుంది. అందులో నాలుగు ఎర్ర చేపలు. ఒక్కోటి బొటనవేలంత ఉంటుందనుకో. తన నేత కూలితో తనే కొనుక్కుందంట. చేపల్ని పాల క్యానులో పోసుకుని, తొట్టిని ఒళ్ళో పెట్టుకుని, ఆకివీడు దాకా బస్సులో, అక్కణ్ణించి పడవలో వచ్చిందంట. పడవలో వచ్చిందో, గట్టు మీద రిక్షాలో వచ్చిందో, ఆ ముక్క నేను గట్టిగా చెప్పలేను. నాకు చెప్పినావిడ పడవ అంది, నేనూ పడవే అంటున్నా. చూడనిదాన్ని చూసినట్టు చెప్పటం నాకు చేతకాదు. సరే, ఆ తొట్టి తెచ్చి వసారాలో బల్ల మీద గోడకి ఆనించి పెట్టింది. ఆ ఇల్లు ఎలాంటిదంటే, అక్కడ ఎవరికీ ఏదీ సొంతం కాదు. దువ్వెన అందరిదీ, అద్దం గోడకి ఒక్కటే, దుప్పటి ఎవరు ముందు పడుకుంటే వాళ్ళది. రాజ్యం తెచ్చుకున్న చీరలు కూడా ఆడపడుచులు వచ్చినప్పుడల్లా కట్టుకునేవాళ్ళే. ఇది ఎవరిదమ్మా అని అడిగితే రాజ్యందీ అని చెప్పుకోటానికి ఆ ఇంట్లో ఉన్నది ఆ తొట్టి ఒక్కటే.

మరి ఏమైందంటే, వట్టి గాజులో వట్టి నీళ్ళు బోసిగా ఉన్నాయని, ఆ పిల్ల కాలవలోంచి ఒక నీటి మొక్క పీక్కొచ్చి అందులో నాటింది. ఒకసారి జాడించింది కూడా పాపం. కానీ ఆకు అడుగున, ఉడికిన సగ్గుబియ్యం అంటించినట్టు జిగురు చుక్క ఒకటి ఉంది. అవి నత్త గుడ్లని ఆ పిల్లకేం తెలుసు. కొన్నాళ్ళకి గాజు మీద మిరప గింజంత చుక్కలు కనపడ్డాయి. చూస్తే నడుస్తున్నాయి. ఆ తర్వాత కందిపప్పు అంత అయ్యాయి, ఆ తర్వాత శనగ గింజంత అయ్యాయి, వాటికి పిల్లలు, ఆ పిల్లలకి మళ్ళీ పిల్లలు. చివరికి ఎలా అయిందంటే, చేపలెక్కడున్నాయో వెతుక్కోవాల్సొచ్చింది, నత్తల్ని వెతుక్కోనక్కర్లేదు.

అత్తగారు నాంచారమ్మ ఊరుకునే మనిషి కాదు. ఏమే రాజ్యం, జాతరకి మా తమ్ముడోళ్ళు వస్తారు, చేపలు కొనే షావుకార్లు వస్తారు, ఊళ్ళో చేపల చెరువులు చేసేవాళ్ళంతా ఈ వసారాలోనే కూర్చుంటారు, చెరువులోళ్ళ ఇంట్లో గుప్పెడు నీళ్ళు బాగుచేసుకోలేకపోయారని నా మొహాన అనిపించుకోమంటావా అంది. లేదత్తయ్యా, తీసేస్తాను అంది రాజ్యం. ఎప్పుడు తీస్తావు, అవి పెళ్ళిళ్ళు చేసుకుంటున్నాయి అందులో, అని, జాతర నాడు అందులో నాకు నత్త కనపడిందా, నీళ్ళూ చేపలూ కాలవలో బోర్లించేసి ఆ తొట్టిలో నిమ్మకాయలు ఊరేస్తా, ఊరగాయకి మంచి కొలత, అందంట. ఆవిడ అన్నదంటే చేస్తుంది. ఇదివరకు ఇంటాయన పేకలు పొయ్యిలో పెట్టిన మనిషి.

రాజ్యం మొగుడు ఏడుకొండలు. మంచివాడే. చెరువుల్లో పెరిగినవాడు కాబట్టి, ఇదొక పనా, చెరువులో నత్త పడితే మేం మైలుతుత్తం కొడతాం, చిటికెడు వేస్తే తెల్లారేసరికి ఒక్కటుండదు అన్నాడు. రాజ్యం సరే అనకుండా, ముందు బకెట్లో చూద్దాం అంది. బకెట్లో నీళ్ళు పోసి, గుప్పెడు నత్తలు వేసి, కాలవలో పట్టిన పరిగె చేప పిల్లనొకదాన్ని వేసి, ఆ మైలుతుత్తం వేశారు. మజ్జానానికి నత్తలు చచ్చినాయి. నిజమే. పరిగె పిల్ల కూడా వెల్లకిలా తేలింది. పైగా చచ్చిన నత్తలు ఒక కంపు కాదు, ఆ బకెట్ తర్వాత దేనికీ పనికిరాలేదంట. ఏడుకొండలు బుర్ర గోక్కుని, చెరువంటే ఎకరాల నీళ్ళు కదా, చిటికెడు అక్కడొకలాగ, ఇక్కడొకలాగ అన్నాడు. ఇది మీరు కూడా వినండి, పిల్లలున్న ఇళ్ళల్లో ఆ మైలుతుత్తం, ఆ నీలం రాయి, అసలు తేకండి. కథ కోసం చెప్తున్నాగానీ చెయ్యమని చెప్పటంలా. ఆ తర్వాత అతనే ఒక కొరమీను పిల్లని తెచ్చి తొట్టిలో వేశాడు, ఇది నత్తల్ని తింటుందీ అని. అది నత్తల వంక చూడను కూడా చూడలేదంట. పొద్దున్నకి ఒక ఎర్ర చేపకి తోక సగమే ఉంది. కొరమీను పులుసులోకి పోయింది. పులుసు బాగుందని ఏడుకొండలు అన్నాడు, రాజ్యం తినలా.

ఇహ రాజ్యం తనే మొదలుపెట్టింది. సందేళ ఒక దోసకాయ చెక్క కోసి, రాయి కట్టి తొట్టి అడుక్కి వేసేది. తెల్లారేసరికి నత్తలన్నీ దానికి పట్టుకుని ఉండేవి. మెల్లగా చెక్కతో సహా పైకి తీసి బాతుల ముందు పడేసేది. గాజుకి అంటిన గుడ్ల జిగురు పాత బ్లేడుతో గీకేది. తివాచీలో తప్పు ముడి పడితే వేల ముడుల్లో దాన్నొక్కదాన్నే వెతికి విప్పే పిల్ల, ఓపిక్కి తక్కువేం లేదు. మేత కూడా తగ్గించింది. రోజు విడిచి రోజు, రెండు వేళ్ళకి వచ్చినంత. ఎందుకంటే చేప తినగా మిగిలిందే నత్తకి కూడు, మిగలకపోతే అవి పెరగవు అని ఏలూరులో తొట్టి అమ్మినాయన చెప్పాడంట. అంతా సరిగ్గానే చేసింది. అయినా ఏం లాభం, పొద్దున తీసినన్ని మర్నాటికి మళ్ళీ ఉండేవి. నీళ్ళు చూస్తే బియ్యం కడుగు నీళ్ళల్లే మసక. జాతర దగ్గర పడుతోంది. నాంచారమ్మ ఒకరోజు నిమ్మకాయలు బేరమాడి తెచ్చి, బుట్టని సరిగ్గా తొట్టి పక్కనే పెట్టింది. ఊరికే పెట్టింది.

ఒకనాడు పొద్దున, అందరూ చెరువుల మీదికి పోయాక, రాజ్యం తొట్టిని గోడ దగ్గర్నుంచి జరిపింది, వెనక వైపు గీకుదామని. జరిపితే, వెనక మూలన ఒక సన్న తాడు కనపడింది. లాగితే మొక్క వెనకాల నుంచి ఒక సంచి వచ్చింది. ఎంత సంచి అనుకుంటున్నారు, అన్నం ముద్దంత. పాత పంచె గుడ్డ. బీడీతో కాల్చి చుట్టూ చిల్లులు పెట్టారు. లోపల తవుడు. ఆ తవుడు రాలిన చోట అడుగున నత్తలు గంపలు బోర్లించినట్టు ఉన్నాయంట. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, చెరువులు చూడనివాళ్ళకి తెలీదు. చెరువులో మేత చల్లరు, చిల్లుల సంచిలో పోసి రాటలకి కడతారు. చేపలొచ్చి చిల్లుల్లోంచి పీక్కు తింటాయి. మర్నాడు సంచి ఎత్తి చూస్తారు. తేలిగ్గా ఉంటే తిన్నాయని మళ్ళీ నింపుతారు. బరువుగా ఉంటే కడుపు నిండిందని ఆపుతారు. ఇంత చిన్న సంచికి అంత పద్ధతిగా ముడి వేసే మనిషి, బీడీ తాగే మనిషి ఆ ఇంట్లో ఇంకెవరు, భద్రాచలం గారే.

ఎందుకు కట్టాడంటే, ఆయన బాధ ఆయనది. ముప్పై ఏళ్ళు చెరువులు చేసిన మనిషి, తూకానికి రాని చేపని ఎన్నడూ చూడలేదు. టీ కొట్టు దగ్గర, ఏం భద్రాచలం గారూ, మీ వసారాలో చేపలు ఇంకా బొటనవేలేనా, సొంతింట్లో పస్తులు పెడుతున్నారా ఏంటి, అని నవ్వేవాళ్ళంట. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చి ఎవరూ చూడకుండా గాజు మీద వేళ్ళతో కొలిచేవాడు. కోడలు మేత తగ్గించటం కళ్ళారా చూశాడేమో, ఇంక ఆగలేకపోయాడు.

రాజ్యానికి ఇప్పుడు దొంగ దొరికాడు, దొరికి ఏం చెయ్యాలి. ఆ ఇళ్ళల్లో కోడలు మావగారి ఎదటపడి మాట్లాడదు. చెప్పాల్సింది అత్తగారితో చెప్తే, అత్తగారు ఆయనతో చెప్తుంది. ఈ మాట అత్తగారితో చెప్తే ఏమవుద్ది, మీ మావగారి మీదే చాడీ చెప్తావటే అని జాతర దాకా కూడా ఆగకుండా తొట్టి కాలవలోకి పోద్ది. మొగుడితో చెప్తే, సాయంత్రానికి అతను వాళ్ళమ్మతో చెప్తాడు. సంచి తీసి పారేస్తే ఆయన ఇంకోటి కడతాడు. అందుకని తవుడు బాతులకి దులిపేసి, కాలవ ఇసక నాలుగు నీళ్ళు కడిగి, అదే సంచిలో పోసి, అదే ముడి వేసి, అదే మూలన కట్టేసింది. నేతగత్తె వేళ్ళు కదా, ముడి తేడా రాలేదు.

మర్నాడు తెల్లారగట్ల భద్రాచలం గారు వచ్చాడు. తాడు లాగాడు. సంచి బరువుగా ఉంది. అరచేతిలో పెట్టుకుని తూచి చూశాడు. మళ్ళీ నీళ్ళల్లో వదిలేశాడు. రాజ్యం వంటింటి తలుపు సందులోంచి చూస్తానే ఉంది. ఆ పై రోజూ అంతే. తవుడు మాత్రం తేలేదు. ఇటు రాజ్యం దోసకాయ చెక్కలు ఆపలేదు. ఇంక తిండి లేక నత్తలన్నీ ఆ చెక్క మీదికే వచ్చేవి. తీసినవి తీసినట్టు తగ్గాయి. నీళ్ళు తేటపడ్డాయి. నిమ్మకాయల బుట్ట మాత్రం అక్కడే ఉంది.

జాతర నాడు వసారా నిండా మనుషులు. నాంచారమ్మ తమ్ముడోళ్ళు, షావుకార్లు, టీ కొట్టు దగ్గర నవ్వేవాళ్ళు, అందరూ. రాజ్యం గ్లాసులతో వచ్చి నిలబడింది. నాంచారమ్మ తొట్టి చుట్టూ తిరిగింది. ముందు చూసింది, పక్కన చూసింది, గాజు తడిమింది, వెనక చెయ్యి పెట్టింది. చేతికి తాడు తగిలింది. లాగి, సంచి విప్పి, అరచేతిలో దులిపితే ఇసక. ఏమిటే ఇది రాజ్యం, నీళ్ళల్లో ఇసక మూట కట్టావు, ఏం చేతబడే ఇది, మా ఇంటి మీదేమన్నా చేయించావా అంది. రాజ్యం ఏం చెప్తుంది. తనది కాదంటే ఎవరిదని అడుగుతారు. తనదంటే ఎందుకని అడుగుతారు. అప్పుడు మంచం మీద కూర్చున్న భద్రాచలం గారు, అది నేను కట్టిందేలే, అక్కడ పెట్టు అన్నాడంట. ఇసకెందుకయ్యా అంది ఆవిడ. మేత ఎక్కువైతే ఇసక కడతాం అన్నాడు. ముప్పై ఏళ్ళ నుంచి చెరువులు చేస్తున్నావు, ఒక్కనాడన్నా ఇసక కట్టావా అంది. ఇది చెరువా అన్నాడు. టీ కొట్టు దగ్గర నవ్వేవాళ్ళల్లో ఒకడు ఊరుకోకుండా, మరి బావా, ఇంత చూసుకున్నా ఇవి బొటనవేలు దాటలేదే అన్నాడు. ఆ జాతి అంతే ఎదుగుద్ది, నువ్వూ పొట్టోడివేగా, మీ అమ్మ తవుడు పెడితే ఎదిగేవాడివా అన్నాడు భద్రాచలం గారు. అందరూ నవ్వారు. నాంచారమ్మ నిమ్మకాయల బుట్ట ఎత్తుకుని లోపలికి పోయి, జాడీలో ఊరేసింది.

తడి తవుడికీ తడి ఇసకకీ బరువు తేడా చెరువు మనిషి చేతికి మొదటి రోజే తెలిసుండాలి. తెలిసిందో లేదో ఆయన చెప్పలా, ఆ పిల్ల అడగలా. నత్తలు పూర్తిగా పోయాయా అంటారా. పోలేదు. ఆ రోజు కూడా మొక్క మొదట్లో మూడో నాలుగో ఉన్నాయంట, నాంచారమ్మకి దగ్గరి చూపు సరిగ్గా ఆనదు. ఈ ముక్క నేను చెప్పానని ఎక్కడా అనకండి, ఆవిడ ఇంకా ఉంది, రేవు పక్క ఇల్లే.