ఎండ మూల

కెనడాలోని సాస్కటూన్ ఊళ్లో శనివారం సంతలో చేపలమ్మే ఆమె, పక్కన తేనె అమ్మే పెద్దాయన పెట్టెలు దింపుకుంటున్నారు.

“అమ్మాయ్, నా నీడ చోటు నువ్వు తీసుకో. సంత కమిటీని ఒప్పించాను.”

“నన్నడక్కుండానా?”

“నీకు ఆ ఎమ్మెస్ నరాల జబ్బాయె. పోయిన జులైలో కాళ్లు పట్టుతప్పి తూలావు, చూశాగా.”

“తూలింది వేడికి బాబాయ్, వెలుతురుకి కాదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే నా నరాల మీద పడుతున్నాయి. ఎండ తగిలితే వాటి దూకుడు కాస్త తగ్గొచ్చని డాక్టర్లు పరీక్షిస్తున్నారు.”

“అయితే మందు మానేశావా?”

“మానతానా? మందు అసలు సరుకు, ఎండ కొసరు.”

“మరి వేడో?”

“ఈ చొక్కా ముట్టుకుని చూడు.”

“అబ్బో, మంచుగడ్డలా ఉందే!”

“జేబుల్నిండా ఐసే. చేపల పెట్టెలోదే. చేతులు ఎండలో, ఒళ్లు చల్లగా.”

“కంపు కొడుతోంది.”

“చేపలమ్మేదాని దగ్గర గులాబీల వాసనొస్తుందా? పదకొండేళ్లుగా ఈ మూల నాది. జబ్బొచ్చాక కూడా ఒక్క శనివారం కొట్టు మూయలేదు. నీడ నువ్వే ఉంచుకో, నీ బట్టతలకి అవసరం.”

“సరేలే తల్లీ. అలాంటి చొక్కా ఇంకోటుందా?”

“ఉంది. ముందెళ్లి కమిటీకి చెప్పిరా, నేను కదలనని. అప్పుడిస్తా.”