సోఫా మీద శరణార్థి

సింగపూర్ యీషున్‌లో కృష్ణమూర్తి, అరుంధతి దంపతుల ఫ్లాటు. కింది అంతస్తులో ఉండే పెద్దిరాజు దిండుతో సహా వచ్చి వీళ్ళ సోఫా మీద మకాం పెట్టాడు. టీవీలో వార్తలు వస్తున్నాయి.

"అదిగో, విన్నావా కృష్ణమూర్తన్నయ్యా? కల్లోలంలో ఉన్న దేశాలవాళ్ళని ఇంకొన్నాళ్ళు ఉండనిస్తారంట. గడువు పొడిగించారంట. చూసి నేర్చుకో."

"వాళ్ళ దేశంలో యుద్ధం పెద్దిరాజూ. నీకేమొచ్చింది? లిఫ్ట్ దిగితే ఇల్లు."

"ఆ ఇంట్లో మా అమ్మా, మా ఆవిడ సత్యవాణీ ఉన్నారు. యుద్ధమంటే బాంబులే పడాలా?"

"అసలు గొడవేంటండీ పెద్దిరాజుగారూ? వచ్చిన కాణ్ణించీ తింటున్నారు గానీ చెప్పట్లేదు."

"భోజనానికని హాకర్ సెంటర్‌కి వెళ్ళాం అరుంధతొదినా. ఇక్కడ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే చోప్ చేసినట్టే కదా, ఆ చోటు ఇంకెవరూ ముట్టరు. మా అమ్మ ఊర్నించి కొత్తగా వచ్చింది, తనకేం తెలుసు? పాపం ఎవరో మర్చిపోయారని..."

"తీసేశారా?"

"అన్నీ తీసేసింది."

"అన్నీనా!"

"వరసగా. తోటలో వంకాయలు కోసినట్టు. జనమంతా నూడిల్స్ పట్టుకుని, నా చోటంటే నా చోటని కొట్టుకున్నారు. పరువు పోయిందని సత్యవాణి కేకలు. ఊరికే దొరికినవి వదిలేస్తారా అని మా అమ్మ కేకలు. ఎవరిది తప్పో చెప్పమని ఇద్దరూ నా మీద పడ్డారు."

"నువ్వేమన్నావ్?"

"ఇద్దరిదీ రైటే అన్నాను."

"చచ్చావ్ ఫో."

"అందుకే వచ్చాను! పరిస్థితులు చక్కబడేదాకా..."

"ఈలోగా మా సోఫా గుంటపడిపోతుంది."

"పాపం, ఉండనివ్వండీ. కూరగాయలు తరిగిపెడుతున్నారు."

"అదీ సంగతి! ఉండు, సత్యవాణికి ఫోన్ చేసి అక్కడి పరిస్థితి కనుక్కుంటాను."

"వద్దన్నయ్యా! వద్దు వద్దు..."

"హలో, అమ్మా సత్యవాణీ... ఆఁ... ఏంటీ, మీ అత్తగారేనా ఆ నవ్వేది?... అలాగా!... ఆఁ... అలాగలాగే."

"ఏమంది? ఏమందీ?"

"రాజీ పడ్డారు. ఇద్దరూ కూర్చుని బజ్జీలు తింటున్నారు. సర్దుకో."

"నిజంగా? బతికించావన్నయ్యా! వదినా, నా లుంగీ ఆరిందా?"

"ఆగాగు. మీ అమ్మగారు టిష్యూలు ఏరుతుంటే వెనకాల సంచీ పట్టుకుని నడిచిందెవరు?"

"...ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. అమ్మకి నడుం నొప్పి."

"ఇక్కడి పద్ధతి తెలిసుండీ?"

"కన్నతల్లికి అడ్డు చెప్తామా అన్నయ్యా?"

"తప్పంతా నీదేనని అత్తాకోడళ్ళిద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు. నీకోసం తలుపు తీసుకుని మరీ కూర్చున్నారు."

"వదినా, లుంగీ అక్కడే ఉండనీ. అన్నయ్యా, పొడిగింపు మాట వదిలెయ్. శాశ్వతంగా ఉండిపోడానికి నేరుగా పీఆర్‌కే అప్లై చేస్తున్నాను."