మర్యాదకి వద్దన్నాను

మేయో తీరంలో గుర్రాల మీద వారం రోజుల విహారం రేపటితో ముగుస్తుంది. కొత్త దంపతులను వెంటబెట్టుకుని గుర్రాల యజమాని ఫింటన్ ముందు వెళ్తున్నాడు. ఎవరూ తప్పిపోకుండా చూసుకునే ఊనా అందరికంటే వెనక వస్తోంది. ఆమె పక్కనే, ఏటా వచ్చే జర్మనీ అతిథి గుడ్రున్. వారం నుంచీ ఊనాకి ఒళ్ళు మండుతూనే ఉంది, ఆ కోపం తన గుర్రం మీద చూపిస్తోంది, పాపం అది చేసిన తప్పేమీ లేదు.

“...లేదు, లేదు, నాకేం కోపం లేదు గుడ్రున్ గారూ. కోపమెందుకు? ఎవరి మీద?”

“ఫింటన్ మీద. పొద్దున అతనికి రొట్టె ఇచ్చావు. వెన్న ఇవ్వలేదు.”

“వెన్న బల్ల మీదే ఉంది. ఆయనకి చేతులున్నాయి.”

“బల్ల మీద లేదు ఊనా. నీ ఒళ్ళో ఉంది. నేను చూశాను.”

“మీరు ముందు మీ బిషప్ సంగతి చూడండి. మళ్ళీ కంచెలో మూతి పెట్టాడు. కళ్ళెం లాగండి.”

“లాగుతూనే ఉన్నాను. ఈ గుర్రానికి బిషప్ అని ఎందుకు పేరు పెట్టారు?”

“ఏ ఇంటి ముందు ఆగినా ఏదో ఒకటి తినందే కదలడు. అందుకని.”

“మాట మార్చావు. ఎల్లుండి నువ్వు లిమెరిక్ వెళ్ళిపోతున్నావట. మీ అక్క హోటల్లో పనికట. ఇక తిరిగి రావట. ఆ కొత్త పెళ్ళికూతురు చెప్పింది.”

“ఆ పిల్లకెవరు చెప్పారు?”

“నువ్వే. నిన్న వంటింట్లో ఏడుస్తూ చెప్పావట.”

“ఉల్లిపాయలు కోస్తుంటే ఏడవరా ఎవరైనా?”

“నిన్న మనం తిన్న చేపల్లో ఉల్లిపాయ లేదు.”

“మీరు రైల్వేలో చేశారు గానీ, పోలీసుల్లో చేరాల్సింది.”

“ఎందుకు వెళ్తున్నావు? నేను ఏటా ఇక్కడికి వచ్చేది ఈ కొండల కోసం, ఈ సముద్రం కోసం, నీ వంట కోసం. కొండలూ సముద్రమూ ఎటూ పోవు. నువ్వు పోతున్నావు. కారణం తెలియాలి.”

“సరే, చెప్తా. ఎవరికీ చెప్పకూడదు మరి. పోయిన శనివారం, మీరు దిగడానికి ముందు రోజు, ఇదిగో ఈ ఇసుకలోనే... ఫింటన్ నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు.”

“బాగుంది. నువ్వేమన్నావు?”

“అయ్యో వద్దులే, నీకెందుకు శ్రమ అన్నాను.”

“అంటే అతనంటే నీకు ఇష్టం లేదు.”

“చచ్చేంత ఇష్టం.”

“నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు. నిదానంగా.”

“ఇందులో అర్థం కాకపోవడానికేముంది? మీరు ఎవరింటికైనా వెళ్తారు. టీ తాగుతారా అంటారు వాళ్ళు. మీరేమంటారు?”

“తాగాలనుంటే తాగుతానంటాను.”

“అలా అనేస్తే ఎలాగండీ? వద్దండీ అనాలి. పర్వాలేదు తాగండి అంటారు. అబ్బే, ఎందుకు మీకు శ్రమ అనాలి. ఒక్క గుక్క అంటారు మూడోసారి. అప్పుడు, మీరంతగా అంటుంటే కాదనలేను అనాలి. అదీ మర్యాద.”

“మొదటి ఏడాది నేను బంగాళాదుంపలు చాలన్నాను. నువ్వు వడ్డిస్తూనే ఉన్నావు.”

“మర్యాదకి అంటున్నారనుకున్నా.”

“కడుపు నిండి అన్నాను. మర్నాడు నన్ను గుర్రం ఎక్కించడానికి ఫింటన్ వెనక నుంచి నెట్టాల్సి వచ్చింది.”

“చూశారా? మనిషన్నాక మళ్ళీ అడగాలి కదా. ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? నేను వద్దులే అనడం ఆలస్యం, ‘సరే అయితే’ అన్నాడు. అని, వంగి, గుర్రం కాలు ఎత్తి నాడా చూడ్డం మొదలుపెట్టాడు. నాడా, గుడ్రున్ గారూ. నేనక్కడే నిలబడ్డాను. రెండోసారి అడుగుతాడు, ఇప్పుడడుగుతాడు, ఇదిగో అడుగుతాడని. అలలొచ్చి బూట్లలోకి నీళ్ళెక్కేదాకా నిలబడ్డాను.”

“వద్దంటే వద్దనుకున్నాడు. అది సరైన పని.”

“మీ ఊళ్ళో సరైన పని. అసలిదంతా మీవల్లే వచ్చింది. ఏళ్ళ తరబడి మీ వాళ్ళని తిప్పీ తిప్పీ, ఇక్కడ పుట్టి పెరిగినవాడే మా మర్యాద మర్చిపోయాడు. అడిగితే ఒకే మాట, వింటే ఒకే మాట. మనిషి పూర్తిగా జర్మన్ అయిపోయాడు.”

“జర్మన్ అయితే వెన్న తనే అడిగి తీసుకునేవాడు. అదిగో, వస్తున్నాడు.”

“ఎక్కడ? నా జుట్టెలా ఉంది? వద్దు, చెప్పకండి. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్తారు. నేనేం అనలేదు, మీరేం వినలేదు.”

“ఏంటి, ఇద్దరూ ఇంత వెనకబడ్డారు? బిషప్ మొండికేశాడా గుడ్రున్ గారూ?”

“ఆ జంటని ఒంటరిగా వదిలేసి వచ్చావేంటి ఫింటన్? గుర్రాలు బెదిరి పారిపోతే?”

“గుర్రాలే వాళ్ళకంటే బుద్ధిగా ఉన్నాయి ఊనా. దిబ్బ చాటున ఒకళ్ళనొకళ్ళు వదలట్లేదు. నేను దగ్గాను. జలుబు చేసిందా, పాపం, అని అడిగి మళ్ళీ మొదలుపెట్టారు.”

“ఫింటన్, ఊనా నిన్ను పెళ్ళి చేసుకుంటుంది. నువ్వు మళ్ళీ అడగాలి.”

“గుడ్రున్ గారూ! ఎవరికీ చెప్పొద్దన్నానా?”

“ఇతనికి చెప్పకపోతే ఇంకెవరికి చెప్పి ఏం లాభం?”

“ఊనా, ఆవిడేమంటున్నారు?”

“ఏం లేదు. ఎండదెబ్బ తగిలింది ఆవిడకి.”

“వాన పడుతోంది ఊనా.”

“అయితే వానదెబ్బ. పద, నీళ్ళు పైకొస్తున్నాయి.”

“ఎవరూ కదలొద్దు. ఫింటన్, ఆమె మర్యాదకి వద్దంది. మీ దగ్గర మూడుసార్లు అడగాలట. నువ్వు ఒక్కసారి అడిగి వదిలేశావు. తప్పు నీది.”

“ఒక్కసారా? ఊనా, ఒక్కసారే అడిగానని చెప్పావా ఆవిడకి?”

“మరెన్నిసార్లు అడిగావు? నాకేమైనా చెవుడా?”

“మా నాన్న పోయాక ఒక నెలకి, చర్చి అయ్యాక, ఆయన సమాధి దగ్గర. మావాళ్ళ వరసలో నా పక్కన ఇంకొకరికి చోటుంది ఊనా, చూడు ఎంత బాగుందో, అక్కడి నుంచి సముద్రం కూడా కనపడుతుంది అన్నానా లేదా?”

“అన్నావు. అయితే?”

“నువ్వేమన్నావు? ‘నాకెందుకులే, మీవాళ్ళకి ఇరుకవుతుంది’ అన్నావు.”

“అది పెళ్ళి మాటా? సమాధుల మాట కాదూ?”

“మా నాన్న మా అమ్మని అలాగే అడిగాడు. మా తాత మా నానమ్మనీ అలాగే అడిగాడట.”

“పెళ్ళి అన్న ముక్క ఎక్కడైనా వచ్చిందా అందులో?”

“చర్చి ఫాదర్ పక్కనే ఉంటే అంత పచ్చిగా ఎలా అడగను?”

“సరే. అది మొదటిది. రెండోది చెప్పు ఫింటన్.”

“ఈస్టర్‌కి, గుడ్రున్ గారూ. వంటింటి గోడలకి ఏ రంగు వేయించను ఊనా అని అడిగాను. పసుపా, నీలమా, రోజూ చూసే మనిషికి నచ్చాలి కదా అన్నాను. ‘నీ వంటింటి సంగతి నాకెందుకు’ అంది.”

“నాకేం తెలుసు? నువ్వు రంగు గురించి అడిగావనుకున్నా.”

“ఆ గోడలకి ఇప్పటిదాకా సున్నం కూడా కొట్టించలేదు.”

“అయ్యో ఫింటన్.”

“ఇక శనివారం మూడోసారి. గుండె దిటవు చేసుకుని, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, ఉన్న మాట ఉన్నట్టే అడిగాను. వద్దులే అన్నావు. మూడోసారి వద్దంటే వద్దనే కదా ఊనా. ఇంకా అడిగితే వేధించినట్టు. నేనేం మర్యాద తెలియనివాణ్ణా?”

“మరి... మరి ఆ నాడా?”

“నాడాకేం, బాగానే ఉంది. నా మొహం నీకు కనపడకూడదని వంగాను.”

“ఊనా, నువ్వు ఏడుస్తున్నావు.”

“వాన, గుడ్రున్ గారూ, వాన. ఫింటన్, పోనీ ఇంకొక్కసారి అడిగితే ఏం పోయింది?”

“నాలుగోసారి అడిగినవాడు మా వంశంలోనే లేడు. ఊరంతా ఏమనుకుంటారు?”

“ఇక్కడ ఊరెక్కడుంది? ఉన్నవి గొర్రెలు.”

“అవి మా బాబాయి గొర్రెలు గుడ్రున్ గారూ. ఆయన ఎక్కడో దగ్గర్లోనే ఉంటాడు.”

“మీ ఇద్దరితో నాకు తల నొప్పి వస్తోంది. ఇది చాలా సులువు. అతను అడగలేడు. ఊనా, నువ్వు అడుగు.”

“నేనా? నా నోటితో నేనే ఎలా అడగను? సిగ్గు కాదూ?”

“లిమెరిక్ బస్సు ఎల్లుండి.”

“సరే. సరే. ఫింటన్, ఆ టోపీ తియ్యి. వద్దు, ఉంచు, తడుస్తావు. ఇటు చూడు. నాకు లిమెరిక్ వెళ్ళాలని లేదు. మా అక్కతో ఒక పూట కూడా పడదు నాకు, ఆ సంగతి నీకూ తెలుసు. వెళ్తే అక్కడ రోజూ నీ గురించే ఏడుస్తాను. నాకు నీ పక్కన ఉండాలని ఉంది. చచ్చాక సరే, ముందు బతికుండగా. నన్ను పెళ్ళి చేసుకుంటావా?”

“అబ్బే, ఎందుకులే ఊనా. అక్కడ మీ అక్క ఎదురుచూస్తూ ఉంటుంది.”

“అతను వద్దన్నాడు. అయిపోయింది. నాకు చాలా బాధగా ఉంది ఊనా. పద, వెళ్దాం.”

“గుడ్రున్ గారూ, మీరు బిషప్‌ని తీసుకుని అలా ముందు పదండి. నేను ఈయన్ని ఇంకో రెండుసార్లు అడిగి వస్తాను.”