తమ్ముడికిష్టమైన బజ్జీలు

యూనివర్సిటీ క్యాంపస్‌లో పొద్దుటి నడక ముగించుకుని తార్నాకలో టిఫిన్ బండి దగ్గరికి వచ్చిన ఆమెకు, రోజూ తనతో నడుస్తూ కొన్నాళ్లుగా రావడం మానేసిన పక్క వీధి అక్క అక్కడ కనిపించింది.

"ఎంత సన్నబడ్డవక్కా. ఇయ్యాల ఒక్క మైసూర్ బజ్జీ తిను, ఏం కాదు."

"వద్దు. నూనెది తినొద్దన్నడు డాక్టరు."

"తెలుసక్కా. నీ లివర్ల కొవ్వు కరిగితెనే నీ తమ్ముడికి అందుల ముక్క ఇయ్యొచ్చన్నడు. అందుకే అన్నం గూడ బంద్ చేస్తివి. ఎట్లున్నడు తమ్ముడు?"

అక్క బండాయన వైపు తిరిగింది. నాలుగు బజ్జీలు పొట్లం కట్టమంది.

"నువ్వు తినవు. మరి ఎవరికక్కా?"

"ఇయ్యాల వాని పదొద్దుల దినం. పిండం కాడ పిట్టకు పెట్టాలె. వానికి ఇవంటే పానం."

ఆమె చేతిలోని బజ్జీని ప్లేటులో పెట్టేసింది.

"ఒక్క మాట చెప్పకపోతివి అక్కా."

"ఏం చెప్పాలె? నా ముందట తింటే నా మనసు గుంజుతదని వాడు గూడ వీటిని ముట్టలేదు. 'నువ్వు తగ్గినంక ఇద్దరం కలిసి తిందాం' అంటుండె."

"ఇంక ఎవరి కోసమక్కా ఈ కట్టడి? ఒక్కటి తిను."

"వాడు పోకముందు నాకు స్కానింగ్ చేసినామె నిన్న ఫోన్ చేసింది. పాపం, ఆమెకు వాడు పోయింది తెల్వదు."

"ఏమన్నది?"

"'కొవ్వంత కరిగిందమ్మా, ఇగ మీ తమ్ముడికి ఇయ్యొచ్చు' అన్నది."

"నువ్వేమన్నవక్కా?"

"'మంచిదమ్మా' అన్న."