మొండయ్య ఖానాపూర్ పోయి చూసొచ్చిన సంబంధం

ఓటెవలికెయ్యాల్నో నన్నడుగుతున్నవా తమ్మీ? కూసో మరి. పందొమ్మిదొందల యాభై ఒకటి, డిసెంబర్ ఇరవై మూడు, ఆదివారం. పొద్దు బారెడెక్కినా గోదారి మీద మంచు ఇడువలే. ఎదురుంగ వచ్చేది మనిషో బర్రెనో తెల్వకుండె. తారీఖులు నాకు గట్లనే యాదికుంటయి, హైద్రాబాద్‌ల కాలేజి సదువు సదివితె గిప్పుడు మిగిలింది గదొక్కటే. గా మంచుల మా మొండయ్య గొంగడి కప్పుకొని, సద్ది మూట సంకల వెట్టుకొని, లక్సెట్టిపేట దిక్కునుంచి ఖానాపూర్ బాట వట్టిండు. ఎలక్షన్ల నిలవడ్డ కైలాసం అనేటాయన ఎసొంటోడో ఇచారించి రానీకి. మాకందరికి గవే మొదటి ఎలక్షన్లు. మా సాలోళ్ల వాడల నలభై ఇండ్లు, ఒక్క బాయి లేదు. నూలు నానబెట్టాల్నన్నా, గంజి కాయాల్నన్నా ఆడోళ్లు వాగుకు పోయి కడవలు మొయ్యాలె. కైలాసం వచ్చి "నన్ను గెలిపియ్యిండ్రి, మీ వాడల బాయి తవ్విపిస్త" అన్నడు. అవతల నిలవడ్డ హనుమంతు మా పక్కూరోడే, గాయన ఏదిస్తననీ అనలే, ఇయ్యననీ అనలే. మొండయ్య పెండ్లాం భూమవ్వకు కడవలు మోసి మోసి మెడ పట్టేసి, తల ఒక్క దిక్కే తిరిగేది. "జర మంచిగ చూసి రా. ఈపారి బాయి రాకుంటె ఇంకో ఐదేండ్లు నేను నీళ్లు మోస్త, ఆరో ఏడు మీరు నన్ను మోస్తరు" అన్నదట.

మొండయ్యనే ఎందుకు వోయిండంటవా? మా వాడల పిల్లనియ్యాల్నంటె ముందుగాల గాయన పోయి చూసి రావాలె, గది మా కట్టు, ఆచారమన్నట్టు. "ఓటిచ్చుడంటె పిల్లనిచ్చుడే. ఇచ్చినంక ఐదేండ్లు మనింటికి తిరిగి రాదు" అన్నడు. గాయన ఇచారణ తీరు వేరే. ఇంటోళ్లను అడుగడు, ఇంటోళ్ల బట్టలుతికేటోళ్లను అడుగుతడు. ఒకపారి నిర్మల్ పిలగాన్ని చూడవోతె, గా వాడల కుక్కలు వాన్ని చూసి తోక ముడుసుకున్నయట. "వీని చెయ్యి మంచిది గాదు" అని లేచొచ్చిండు. గా పిలగాడు ఆఖరుకు పోలీసుల చేరిండు, గది వేరే ముచ్చట. అన్నిటికన్న పెద్ద కట్టు ఇంకోటుండె. సంబంధం చూడవోయినోడు గా ఇంట్ల తీపి తినొద్దు. తిన్నడంటె ఒప్పుకున్నట్టే, మాట ఇచ్చినట్టే.

రెండు దినాలు నడిసి ఖానాపూర్ చేరిండు. రేవుకాడ శంకరవ్వ అని చాకలామె బట్టలు పిండుతుంది. కైలాసం సంగతి అడిగితె, "బాయిలు తవ్విపిచ్చుట్ల గాయనంత ఉషారు మనిషి లేడయ్యా, మా ఊర్లనే మూడు తవ్విపిచ్చిండు" అన్నది. మొండయ్యకు పానం లేచొచ్చింది. "నీళ్లెట్లున్నయి అవ్వా? తీపా, ఉప్పా?" అంటె, "నీళ్లా? నీళ్లదాక గాయనెందుకు వోతడు? బాజాలు, కొబ్బరికాయ, మోకాలు లోతు గుంత, ఇగ ఉపన్యాసం. గంతే" అన్నది. మొండయ్య నమ్మలే. పోయి మూడు గుంతలు మూరతోటి కొలిసిండు. ఒకటి మూరన్నర. ఇంకోదాంట్ల బర్రె పండుకున్నది, గది లేస్తలేదు, గాయన ఇడుస్తలేడు, బర్రె కాలు పక్కకు జరిపి మరీ కొలిసిండు. మూడోది మూరెడే. ఇగ నడువ శాతగాక గా గుంతలనే కూలవడ్డడు. గప్పుడే కైలాసం తల్లి సత్తమ్మ గట్ల వోతుంది. "ఎవలయ్యా, మా కొడుకు బాయిల కూసున్నవ్? మొకం పీక్కపోయింది. లేవు, ఇంటికి రా" అని చెయ్యి వట్టి తోలుకపోయింది. ఇస్తార్ల పరమాన్నం పెట్టింది. సద్ది ఒడిసి ఒక దినమాయె, మనిషి ఆకలి మీదున్నడు. తిన్నడు. రెండోపారి పెడుతుంటె, గంటె ఇంక గాలిలనే ఉన్నది, అప్పుడు యాదికొచ్చింది: అరే, నేను సంబంధం చూడ వచ్చిన గద! మరి ఏం జేసిండంటవా? రెండోపారిది గూడ తిన్నడు.

తిరిగొచ్చినంక కులపోళ్లంత కూసున్నరు. "గాయన బాయి తవ్వడు, నా కండ్లతోటి చూసిన. గని ఓట్లు గాయనకే ఇయ్యాలె, తీపి తిన్న" అన్నడు మొండయ్య. కులపెద్ద బాలమల్లు గడ్డం గోక్కుంట, "ఒక్కపారి తిన్నవా, రెండుపార్లా?" అని అడిగిండు. గంట సేపు గదే పంచాయతి. పరమాన్నమంటె పూరా తీపి లెక్కనా, అన్నం లెక్కనా అని ఇంకో గంట. భూమవ్వ ఊకుంటదా? "నువ్వు తిన్నదానికి నలభై ఇండ్ల ఆడోళ్లం మొయ్యాల్నా? తిన్నోని ఓటు పోతది. తిననోళ్లది పోదు" అన్నది. బాలమల్లు గదే తీర్పు జెప్పిండు. అంటె మొండయ్య ఓటొక్కటి కైలాసంకు, కడమయన్ని హనుమంతుకు. హనుమంతు ఎసొంటోడని ఎవ్వలు ఇచారించలే. పక్కూరోడే గద, ఎర్కనే అనుకున్నరు.

ఇంతల కైలాసం రానే వచ్చిండు. ఓట్లకు ఇంక ఇరవై దినాలున్నయి. బాజాలు, జెండాలు, జిందాబాద్ అనెటోళ్లు ఒక పదిమంది. వాడ నడుమ కొబ్బరికాయ కొట్టిండు, మోకాలు లోతు తవ్విపిచ్చిండు, ఉపన్యాసం జెప్పనీకి గొంతు సవరిచ్చిండు. భూమవ్వ కడవ కింద వెట్టి, "పటేలా, మా వాడల ఒక కట్టున్నది. బాయికి కాయ కొట్టినోడు నీళ్లు పడేదాక పొలిమేర దాటొద్దు. దాటితె ఊరికి అరిష్టం" అన్నది. గసొంటి కట్టు మేమెన్నడు ఇనలే! గని బాలమల్లు కండ్లు మూసుకొని తల ఊపిండు. ఆడోళ్లంత గుంత సుట్టు కడవలు వెట్టుకొని కూసున్నరు. నూరు దాక ఓట్లాయె, కైలాసం ఎటు వోతడు? జిందాబాద్ అనెటోళ్లకే పారలిచ్చిండు. జిందాబాద్ అనుకుంటనే తవ్విండ్రు. భూమవ్వ పొద్దుగాల వచ్చి మెడ తిరిగే దిక్కుకు జరిగి లోపలికి చూసుడు, "ఇంకో మూర పటేలా" అనుడు. కడమ ఊర్ల కైలాసం ఇగ వస్తడు, అగ వస్తడని చూసి చూసి జనం యాష్టకొచ్చిండ్రు. పదిహేడో దినం నీళ్లు వడ్డయి. తియ్యటి నీళ్లు తమ్మీ! కైలాసం గుంతలనే నిలవడి, మొకాన బురద, ఏడుస్తుండో నవ్వుతుండో తెల్వకుండె.

గప్పుడు మొండయ్య మల్ల పరేషాన్. "గాయన నాలుగు బాయిలల్ల ఒకటి పూరా జేసిండు, నా ఇచారణ మారుతది" అన్నడు. "ఇచారణ చేసిన దినంతోనే ఒడిసింది" అన్నడు బాలమల్లు. "గాయనెక్కడ జేసిండు? మేం జేయిపిచ్చినం" అన్నది భూమవ్వ. మొండయ్య ఇల్లిల్లు తిరిగి బతిలాడిండు. "బిడ్డలారా, నీళ్లు తాగినం గద" అన్నడు. "నీళ్లు తీపి లెక్క గాదు" అన్నరు. గప్పుడు ఓట్లకు నిలవడ్డ ఒక్కొక్కలకు ఒక్కో పెట్టె ఉండె. మా వాడ బూతుల కైలాసం పెట్టె ఇప్పితె ఒక్కటే చిట్టి. హనుమంతు గెలిసిండు. గెలిసి, మా బాయి గడ్డకు బండ నిలవెట్టి తన పేరు చెక్కిపిచ్చుకున్నడు. మళ్ల ఐదేండ్లు ఇటు దిక్కు రాలే.

మొండయ్య పందొమ్మిదొందల యాభై ఎనిమిదిల పోయిండు. మగ్గం పెద్దకొడుక్కొచ్చింది, ఇల్లు చిన్నోనికొచ్చింది. ఇచారణకు పోయే పని భూమవ్వ తీసుకున్నది. బాయి అందరిదాయె, దాని మీది పేరు హనుమంతుదాయె. కైలాసంకా? ఏం రాలే. మా మొండయ్య దినాలకు ఖానాపూర్ నుంచి నడుసుకుంట వచ్చిండు. బంతిల కూసున్నడు. పరమాన్నం పెట్టవోతె ఇస్తారికి చెయ్యి అడ్డం వెట్టి, "వద్దవ్వా, మీ కట్టు నాకెర్కనే" అన్నడు.

... జర గా కిటికి మూయి తమ్మీ, ఈదురు కొడుతుంది.