పడుగు లేవని మగ్గం

సకల జనుల సమ్మె రోజులు. సిరిసిల్లలో ఒక ప్రైవేటు దవాఖాన. డాక్టర్ హేమలత చేతిలో రిపోర్టు. ఎదురుగా, సాంచెలకు, అంటే మరమగ్గాలకు, నూలు కండెలు చుట్టి బతికే రాజక్క. పద్దెనిమిదేళ్ల కూతురు ప్రవళిక బయట కూర్చుంది.

"గర్భసంచి లేదంటె ఏంది డాక్టరమ్మా? చిన్నగున్నదా?"

"లేనే లేదు రాజక్కా. పుట్టుకతోనే."

"గోళీలిస్తె పెరగదా?"

"పెరగది. ఇను. పిల్ల ఒంట్ల మగోళ్ల హార్మోన్ తయారైతున్నది..."

"మెల్లగ, మెల్లగనమ్మా. బయటోళ్లు ఇంటరు."

"అది రక్తంల తిరుగుతది. దాన్ని పట్టుకునేదొకటి కణం లోపల ఉంటది, రిసెప్టర్ అంటరు. అది పట్టుకుంటేనే హార్మోన్ చెప్పిన పని కణం చేస్తది. ప్రవళికకు అది పట్టుకుంటలేదు. అందుకే ఒళ్లు ఆడపిల్ల తీరుగనే పెరిగింది."

"అంటె... నాడె అటిటు ఉరుకుతున్నది, కండెల నూలున్నది, పడుగు దారాలు లేస్తలేవు, బట్ట పడ్తలేదు."

"గంతే. నాకన్న మంచిగ చెప్పినవ్."

"మరి పడుగు లేపున్రి."

"గా మందు లేదు."

"హైదరాబాద్‌ల?"

"యాడా లేదు."

"బస్సులు నడవంగనే తీస్కపోత..."

"పోవాలె. లోపలున్న గ్రంథులను పెద్ద డాక్టర్లు చూడాలె. కాని నెల రాదు. పిల్లలు కారు."

"కోరుట్ల పిల్లగానోళ్లు బేస్తారం పూలుపండ్లు తెచ్చి పెండ్లి ఖాయం చేస్కుంటమన్నరు."

"నెల రాదని చెప్పినవా వాళ్లకు?"

"ఎట్ల చెప్త? నాలుగేండ్ల సంది నెలకు మూడు దినాలు దాన్ని అరుగు మీద ఎడంగ కూసోవెడుతున్న."

"రాకున్ననా?"

"రాకున్న. వాడకట్టోళ్లు దినాలు లెక్కవెడ్తరమ్మా. అదే పోయి కూసుంటది, పుస్తకం పట్టుకొని. ఏం అడగది."

"ఒక్కసారన్న అడగలేదా?"

"అడగలే. ...నా బిడ్డ ఆడిదేనా? గదొక్కటి చెప్పు."

"ఆడిదే. అనుమానం పెట్టుకోకు."

"కోరుట్లోళ్లు పెట్టుకోరా?"

"వాళ్ల సంగతి నాకేం తెల్సు రాజక్కా. ఒకటడుగుత. ఇది తల్లి దిక్కునుంచి వస్తది. నీ తోడబుట్టినోళ్లల్ల ఎవలికన్న గిట్లున్నదా?"

"మా అక్క. శంకరవ్వ. పెండ్లయి ఆరేండ్లయినా కడుపు పండలే. నెల రాదని మా అవ్వకు ఎరుకేనేమో, ఎవలికి చెప్పలే."

"ఇప్పుడేడున్నది? ఆమెను గూడ చూడాలె."

"బయట, పిల్ల పక్కన కూసున్నదామెనే. గొడ్డుదని పేరువెట్టి, పిల్లల కోసమని ఆమె మొగనికే నన్నిచ్చి చేసిండ్రు."